మీ ముందే తెరుస్తున్నాం

కవరు చింపకుండా తెరవడంలో నన్ను మించినవాళ్లు లేరని డాక్టరమ్మ అనేది. పళ్ల క్లినిక్కులో పనిముట్లు పెట్టే కవరు ఒకవైపు కాగితం, ఒకవైపు ప్లాస్టిక్కు. లోపల చిన్న అద్దం, కొక్కెంలాంటి సూది, పట్టకారు ఉంటాయి. కాగితం, ప్లాస్టిక్కు అతుక్కున్న అంచులో బొటనవేలి గోరు దూర్చి, ఊపిరి బిగబట్టి నిమ్మళంగా లాగితే ఎక్కడా పీలిక లేకుండా ఊడి వస్తుంది. కొత్తలో చాలా కవర్లు పాడుచేశాను. తరవాత చెయ్యి తిరిగింది.

అలా తెరిచిన కవర్లను మేం పారేసేవాళ్లం కాదు. కడిగిన పనిముట్లు మళ్లీ అందులోనే పెట్టి, మూతి దగ్గర సన్నటి టేపు అంటించేవాళ్లం. పేషెంటు కుర్చీలో వెనక్కి వాలాక కవరు ఎత్తి చూపించి, "చూడండి, మీ ముందే తెరుస్తున్నాం" అనాలి. ఆ మాట అనడం నా పని. అనేటప్పుడు టేపు ఉన్న మూల మీద బొటనవేలు ఉండాలి. అది నాకెవరూ నేర్పలేదు. నా అంతట నాకే వచ్చింది.

కవరు అంచున గులాబీరంగు గుర్తు ఒకటి ఉంటుంది. ఆవిరి మిషన్‌లో ఉడికితే అది గోధుమరంగుకు మారుతుంది. మారితే లోపలివి శుభ్రమైనట్టు లెక్క. ఒకసారి మారాక మళ్లీ గులాబీరంగు రాదు. కాబట్టి మా పాత కవర్లన్నీ ఎప్పుడు చూసినా గోధుమరంగులోనే ఉండేవి, లోపలివి ఉడికినా, ఉడక్కపోయినా.

మామూలు రోజుల్లో ఉడికించేవాళ్లమే. జనం ఎక్కువైన రోజునే చిక్కు. సెట్లు తక్కువ, నోళ్లు ఎక్కువ, మిషన్ తిరగడానికేమో చాలాసేపు పడుతుంది. అప్పుడు డాక్టరమ్మ నావైపు చూసి కళ్లతోనే చెప్పేది. సబ్బుతో రుద్ది, స్పిరిట్‌తో తుడిచి, కవర్లో పెట్టి, టేపు వేసేదాన్ని.

"బాగా రుద్దావుగా? చాల్లే. మనమేం కడుపులు కొయ్యట్లేదు," అనేది.

ఆవిడ చెడ్డమనిషి కాదు. పదో తరగతి పరీక్షలు రాయకుండానే బడి మానేసినదాన్ని, కడుపుతో ఆయాసపడుతూ వెళ్లి పని అడిగితే ఎవరిస్తారు? ఆవిడ ఇచ్చింది. "నిలబడి చేసే పనమ్మా. కళ్లు తిరిగితే చెప్పు, కుర్చీ మనదేగా," అని నవ్వింది. పాప పుట్టాక, పనిగది మూల తెర కట్టించి చాప వేయించింది. చేతిలో డబ్బు లేదని పన్నునొప్పితో వెనక్కి వెళ్లినవాళ్లను నేను అక్కడ చూడలేదు. అంతటి మనిషి చెబుతుంటే అది తప్పని అనుకోలేదు అందామంటే, అదీ కుదరదు. అనుకునేదాన్ని. ఇంట్లో పాప గ్లాసు ఉడికించేటప్పుడు అనుకునేదాన్ని.

పాప తాగే గ్లాసు, తినే స్పూను, నోట్లో కుక్కుకునే రబ్బరు బాతు, అన్నీ మరిగే నీళ్లలో పడాల్సిందే. పాప తుమ్మితే నాకు చెమటలు పడతాయి. నిద్రలో మరీ కదలకుండా ఉంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. వేలు తగిలి లేచి ఏడిస్తే నా ప్రాణం కుదుటపడుతుంది.

"ఆ గ్లాసును ఉడికించినంతసేపు కూర ఉడికిస్తే నేనూ నాలుగు ముద్దలు తిందును," అనేది మా అత్తయ్య.

"ముందు నీ పళ్లు బాగుచేయించుకో అమ్మా, కూరలు వాటంతటవే మెత్తబడతాయి," అనేవాడు మా ఆయన. టైర్ల షాపులో పని ఆయనకి. ఇంటికొచ్చి చేతులు కడుక్కోకుండా పాపను ఎత్తుకుంటే నేను ఊరుకోనని, గుమ్మంలోంచే రెండు చేతులూ పైకెత్తి దొంగలా లోపలికి వచ్చేవాడు.

పెద్దాసుపత్రిలో ఉద్యోగం ఉందన్న కబురు మోసుకొచ్చింది ఇస్త్రీ పిన్ని. మా మెట్ల కింద గదిలో ఇస్త్రీ చేస్తుంది. ఆసుపత్రి డాక్టర్ల తెల్లకోట్లన్నీ ఆవిడ చేతి మీదుగానే వెళ్తాయి.

"కొత్తగా పళ్ల వార్డు తెరిచారటే. పనిముట్లు కడిగే గదికి మనిషి కావాలట. చదువు అడగరు, చేతిపని చూస్తారు. నీ గురించి చెప్పొచ్చాను. మా వీధివాళ్ల పళ్లన్నీ ఆ పిల్ల కడిగిన సామానుతోనే బాగయ్యాయని చెప్పాను."

వెళ్లాను. పెద్ద సిస్టర్ నాతో మాట్లాడి, మిషన్ గురించి అడిగి, నేను చెప్పినవి విని తలూపింది. ఒకటో తారీఖు నుంచి రమ్మన్నారు. జీతం సంగతి అలా ఉంచితే, కింది అంతస్తులో పనివాళ్ల పిల్లల కోసం ఒక గది ఉంది. పసుపురంగు కర్టెన్లు, చిన్న చిన్న కుర్చీలు, ఒక జారుడుబల్ల. గోడకు పెద్ద అద్దాల కిటికీ. పనిలోంచి దిగివచ్చి ఎప్పుడైనా అందులోంచి బిడ్డను చూసుకోవచ్చు. ఆ అద్దం చూశాక నాకు ఇంకేమీ వినపడలేదు. చాప మీద, తెర వెనక, స్పిరిట్ వాసనలో పెరుగుతున్న పిల్ల అక్కడ కూర్చుంటుంది. నేను గుండె చేత్తో పట్టుకోకుండా పని చేసుకుంటాను. నాకు కావలసింది అంతే.

ఇంట్లో సంబరం చెప్పనలవి కాదు. "ఇక మన ఇంట్లో నువ్వే ఆఫీసరువి. నాకు లోపలికి రావడానికి పర్మిషన్ కావాలా మేడం?" అని మా ఆయన గుమ్మంలో చేతులెత్తి నిలబడ్డాడు. అత్తయ్య ఎదురింటివాళ్లకీ పక్కింటివాళ్లకీ చెప్పి, కింద పిన్నికి ఆవిడ చెప్పిన కబురే తిరిగి చెప్పి వచ్చింది.

డాక్టరమ్మకు చెప్పడమే కష్టమైంది. ఆవిడ తుడిచిన చేతులే మళ్లీ తుడుచుకుంది.

"వెళ్లు. పాపకి మంచిది," అంది చివరికి. తలుపు దాకా వచ్చి, "అక్కడ నా గురించి మంచిగా చెప్పు," అని నవ్వింది.

చేరే ముందు ఒక పూట వచ్చి పని చూసి వెళ్లమన్నారు. పాపను పిల్లల గదిలో దింపి, అద్దంలోంచి చూశాను. నావైపు తిరిగి కూడా చూడకుండా జారుడుబల్ల ఎక్కుతోంది. అది నన్ను వెతక్కపోవడం కొంచెం కష్టంగానూ, చాలా హాయిగానూ అనిపించింది.

పెద్ద సిస్టర్ సన్నగా, పొడుగ్గా ఉంటుంది. గొంతు పెంచదు. గది చూపించింది. "ఈ కిటికీలోంచి మురికివి వస్తాయి. ఆ కిటికీలోంచి శుభ్రమైనవి వెళ్తాయి. రెండూ ఎదురుపడకూడదు."

"అత్తాకోడళ్లలాగన్నమాట," అన్నాను.

సిస్టర్ నవ్వేసింది. నాకు ధైర్యం వచ్చింది.

"ఒక సెట్టు తెరిచి ట్రేలో సర్దు, చూద్దాం."

నా గొప్ప చూపించుకోవడానికి సమయం దొరికింది. అంచులో గోరు దూర్చి, నిమ్మళంగా లాగి, ఒక్క పీలిక లేకుండా తెరిచాను. అద్దం, సూది, పట్టకారు వరసగా పెట్టాను. ఎంత నేర్పుగా తీశావమ్మా అంటుందని ఎదురుచూశాను.

"అదెక్కడికి?" అంది సిస్టర్.

"ఏది సిస్టర్?"

"జేబులో పెట్టావే, అది."

జేబులోకి చూసుకున్నాను. ఖాళీ కవరు అరచేత్తో సాపు చేసి, మడతపెట్టి, జేబులో వేసుకున్నాను. ఎప్పుడు వేసుకున్నానో నాకే తెలియదు.

"చెత్తబుట్ట ఎక్కడుందో కనపడక..."

"నీ కాలి పక్కనే ఉంది."

కవరు తీసి బుట్టలో వేశాను. సిస్టర్ ఒక స్టూలు లాక్కుని నా ఎదురుగా కూర్చుంది. "ఇంకొకటి తీసుకో. నేను పేషెంటుని అనుకో. నాకు చూపించి తెరువు."

కవరు ఎత్తి పట్టుకున్నాను. "చూడండి, మీ ముందే తెరుస్తున్నాం." మాట అలవాటుగా, తీయగా వచ్చింది. సిస్టర్ గుర్తు రంగు చూడటం లేదు. నా చేతివైపు చూస్తోంది.

"వేలు తియ్యమ్మా."

తీశాను. వేలి కింద ఏమీ లేదు. కొత్త కవరు, నున్నగా ఉంది.

"అక్కడ మామూలుగా ఏముంటుంది?"

"ఏముంటుంది సిస్టర్? ఏమీ ఉండదు."

"టేపా?"

అప్పుడు చెప్పి ఉండొచ్చు. ఆవిడ గొంతులో కోపం లేదు. కానీ కింద జారుడుబల్ల మీద పాప, గుమ్మంలో చేతులెత్తిన మా ఆయన, తలుపు దాకా వచ్చిన డాక్టరమ్మ, అందరూ ఒక్కసారే నా గొంతుకు అడ్డం పడ్డారు.

"లేదు సిస్టర్. మా దగ్గర ప్రతిసారీ కొత్త కవరే. మా డాక్టరమ్మ చాలా పట్టింపు మనిషి. ఒక్క గీత అటూ ఇటూ కానివ్వదు." ఆగలేక ఇంకా చెప్పాను. "నన్ను తిట్టేది కూడా, శుభ్రం లేకపోతే."

"సరే," అంది సిస్టర్. "పాపను తీసుకుని వెళ్లు ఇక."

మర్నాడు కూరగాయలు తరుగుతుంటే ఫోన్ వచ్చింది. ఆఫీసులో అమ్మాయి. "మీకు చెప్పిన ఉద్యోగం ఇవ్వలేకపోతున్నామండీ."

"ఎందుకండీ?"

"నాకు తెలీదండీ. చెప్పమన్నారు, చెప్పాను. ఏమీ అనుకోకండి."

పాపను చంకనేసుకుని పరుగెత్తాను. వెనకవైపు మెట్ల మీద కూర్చుని సిస్టర్ బాక్సు తెరిచి తింటోంది. నన్ను చూసి మూత పెట్టేసింది.

"నాకు చదువు లేదనా సిస్టర్?" ముందు ఆ మాటే వచ్చింది నా నోట్లోంచి.

"చదువు సంగతి మొదటి రోజే తెలుసుగా మాకు. కూర్చో."

నేను కూర్చోలేదు. "తప్పేదైనా ఉంటే చెప్పండి. నేర్పితే నేర్చుకుంటాను."

"నేర్చుకుంటావు. నీ చెయ్యి మంచిది. చిన్న చిన్న క్లినిక్కుల్లో ఏం చేస్తారో నాకు తెలీక కాదు. నేనూ అక్కడినుంచి వచ్చినదాన్నే. కవరు దాచినందుకు నిన్ను వద్దనలేదు." ఆవిడ మాట్లాడుతూ నా మొహంలోకి చూడటం మానేసి పాప చెప్పులవైపు చూసింది. "ఆ గదిలో నువ్వొక్కదానివే ఉంటావు. మిషన్ తిప్పావో లేదో పైన డాక్టరుకి తెలీదు, పేషెంటుకి తెలీదు. నువ్వు చెబితే తెలియాలి. నిన్న నేను అడిగాను. ఏం చెప్పావు?"

పాప నా మెడ పట్టుకుని కిటికీవైపు వంగి, "అమ్మా, జారుడుబల్ల," అంది.

"మా డాక్టరమ్మ మంచిది సిస్టర్. ఆవిడకేమన్నా అవుతుందేమోనని..."

"మంచిదే అయ్యుంటుంది. నాది అనుమానం. నీది తెలిసిన సంగతి. నేనేం చెయ్యాలో నేను చూసుకుంటాను. నువ్వేం చెయ్యాలో నన్నడక్కు." లేచి, పాప బుగ్గ తట్టబోయి ఆగింది. తిన్న చెయ్యి కడుక్కోలేదని గుర్తొచ్చినట్టుంది. ఆ చెయ్యి వెనక్కి తీసుకోవడం చూసి నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

పాప దారంతా ఏడ్చింది. ఇంటికొచ్చి నేను ఒక్క మాట చెప్పాను. "చదువు లేదని వద్దన్నారు."

ఆ మాటకు ఇంట్లో అందరూ నావైపుకు వచ్చేశారు. మా ఆయన అన్నం ముందునుంచి లేచాడు. "ముందు తెలీదా వాళ్లకి? రమ్మని, పిల్లకి జారుడుబల్ల చూపించి, ఇప్పుడు చదువు గుర్తొచ్చిందా?" అన్నాడు. చేతులు కడుక్కుని వచ్చి పాపను ఎత్తుకున్నాడు. తరవాత మెల్లగా అన్నాడు. "పదో తరగతి రాసుకుందువు గానిలే. ఫీజు నేను కడతాను." నేను వంటగదిలోకి వెళ్లిపోయాను.

అత్తయ్య నేరుగా కిందికి దిగింది. మెట్ల మీదికి పిన్ని గొంతు వినిపించింది. "గిన్నెలు కడగడానికి కూడా పరీక్ష పాసవ్వాలా? వాళ్ల డాక్టర్లకి కోటు మడతపెట్టుకోవడం రాదు, చదువుకున్నవాళ్లేగా! రేపు కోట్లు తీసుకెళ్లినప్పుడు నేను అడుగుతాను ఉండు. ఆ పెద్ద సిస్టర్నే అడుగుతాను."

పరుగున దిగాను. "వద్దు పిన్నీ. అడగొద్దు. నా పరువు పోతుంది."

"నీ పరువు పోవడమేంటే, పిచ్చిదానా? పోతే వాళ్లది పోతుంది." పిన్ని ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి నా తల నిమిరింది. వేడి చెయ్యి. నేను ఏడిస్తే అవమానం భరించలేక ఏడుస్తున్నాననుకుంది. అదీ నిజమే, ఆవిడ అనుకున్న అవమానం కాకపోయినా.

మళ్లీ క్లినిక్కుకు వెళితే, డాక్టరమ్మ నన్ను చూసి గట్టిగా నవ్వింది. "పెద్దాసుపత్రి మోజు తీరిందా? రా, రా. కోటు కొక్కేనికి అలాగే ఉంది." ఏం జరిగిందని అడగలేదు. "నా గురించి మంచిగానే చెప్పావుగా?" అని మాత్రం అడిగింది.

"చెప్పానమ్మా."

"నాకు తెలుసు," అంది.

మళ్లీ అదే గది, అదే తెర, అదే చాప. నేను పొద్దున్నే ముందు వచ్చి మిషన్ ఒకసారి ఎక్కువ తిప్పడం మొదలుపెట్టాను. అది ఆవిడకు తెలుసు, వద్దనలేదు. జనం ఎక్కువైతే అది కూడా చాలేది కాదు. కవరు చూపించేటప్పుడు నా మాట గొణుగుడులా వచ్చేది. "గొంతు పోయిందా? గట్టిగా చెప్పు. వాళ్లు వినాలి," అనేది డాక్టరమ్మ. గట్టిగా చెప్పేదాన్ని.

అత్తయ్యకు దవడపన్ను నొప్పి పట్టుకుంది. బుగ్గ వాచి, మాట ముద్దగా వస్తున్నా మాట్లాడటం మాత్రం ఆపలేదు. పన్ను పీకించుకోవాలి. పిన్నికీ ఒక పన్ను కదులుతోందట. "ఇద్దరం కలిసే వస్తాం. ఒకరు ఏడిస్తే ఇంకొకరు నవ్వుకోవచ్చు," అంది పిన్ని.

ఆ రోజు పొద్దున్నే వచ్చి మిషన్ తిప్పాను. బయటికి వచ్చినవాటిలో ఒక సెట్టు కొత్త కవరులో ఉంది. పెట్టేటప్పుడు గులాబీగా ఉన్న గుర్తు ఇప్పుడు గోధుమరంగుకు మారింది. దాన్ని తీసి, దూది డబ్బా వెనక పెట్టాను. ఎందుకు పెడుతున్నావని నన్ను నేను అడగలేదు. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసినట్టే, చెయ్యి దానంతటది చేసింది.

వాళ్లు వచ్చేసరికి బెంచీలు నిండిపోయాయి. గోడకు ఆనుకుని నిలబడ్డవాళ్లు కూడా ఉన్నారు. ఉడికిన సెట్లన్నీ అయిపోయాయి. డాక్టరమ్మ నావైపు చూసింది. నేను పంపు దగ్గరికి వెళ్లి రుద్దాను, తుడిచాను, పాత కవర్లు తీశాను.

అత్తయ్య కుర్చీ ఎక్కింది. నేను దూది డబ్బా వెనకనుంచి కవరు తీసి తెరిచాను. డాక్టరమ్మ ఆ కవరు చూసింది. అత్తయ్య నోట్లో మత్తు సూది గుచ్చుతూనే, నాకు మాత్రమే వినపడేలా అంది.

"ఇంటివాళ్లకి దాచావా? మంచిపనే చేశావులే. మా అబ్బాయి వస్తే నేనూ అంతే."

ఆవిడ అది మెచ్చుకోలుగానే అంది. తనూ నేనూ ఒకటే అన్నట్టు, ఒక ఇంటి మనుషులం అన్నట్టు అంది. మా డాక్టరమ్మకు ఇందులో ప్రమాదం తెలియకపోవడం వల్ల, తీరిక లేకపోవడం వల్ల ఇలా జరుగుతోందని నేను ఇన్నాళ్లూ ఎక్కడో ఒక మూల నమ్ముకుని ఉన్నాను. ఆవిడకూ నాలాగే తెలుసు. నాలాగే తన వాళ్ల కోసం తీసి పెట్టుకుంటుంది.

అత్తయ్య పన్ను వచ్చేసింది. నోట్లో దూది కరిపించి పక్క స్టూలు మీద కూర్చోబెట్టాం. పుట్టి బుద్ధెరిగాక మా అత్తయ్య అంతసేపు మాట్లాడకుండా ఉండటం అదే మొదటిసారి అయ్యుంటుంది. కళ్లతోనే పిన్నిని వెక్కిరించింది.

పిన్ని కుర్చీలో వెనక్కి వాలింది. "డాక్టరుగారూ, మంచి పన్ను పీకారంటే ఊరుకోను. నా దగ్గర వేడి ఇస్త్రీపెట్టె ఉంది." నావైపు తిరిగి, "నువ్వు ఉన్నావుగా, నాకేం భయం," అని నోరు పెద్దగా తెరిచి కళ్లు మూసుకుంది.

కవరు నా చేతిలో ఉంది. ఆ నోట్లో వెనక ఒక పన్ను లేదు. దాన్ని ఇక్కడే పీకారు. అప్పుడు ట్రే అందించింది నేనే. ఆ రోజు జనం ఎక్కువా, తక్కువా? ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు.

"తెరువమ్మా," అంది డాక్టరమ్మ.

"పిన్నీ, లే."

పిన్ని ఒక కన్ను తెరిచింది. "ఏమే?"

"ఇవి ఉడికించలేదు. మిషన్‌లో పెట్టలేదు. ఊరికే తుడిచాను. లే పిన్నీ."

డాక్టరమ్మ చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. వెంటనే మెత్తగా నవ్వింది. "ఆ ఉద్యోగం పోయినప్పటినుంచి దీని మనసు బాగాలేదండీ. ఏదేదో మాట్లాడుతోంది. నేనూ చూస్తున్నాను పాపం."

పిన్ని డాక్టరమ్మను చూసి, నన్ను చూసింది. "అవునా అమ్మాయ్? మనసు బాలేదా?" అని చాలా ప్రేమగా అడిగింది. అవునంటే అయిపోయేది. నన్ను ఇంటికి తీసుకెళ్లి, పడుకోబెట్టి, రేపు మళ్లీ పనిలోకి పంపేవాళ్లు.

"బాగానే ఉంది పిన్నీ. ఇది పాత కవరు. రంగు ఎప్పుడో మారింది. ఇదిగో, ఇక్కడ టేపు వేశాను."

పిన్ని మెడకు కట్టిన కాగితపు తువ్వాలు తనే విప్పుకుంది. కుర్చీ దిగడానికి చెయ్యి ఇవ్వబోతే పట్టుకోలేదు.

డాక్టరమ్మ నా చెవి దగ్గరికి వచ్చింది. "నీ కూతురు ఎవరు వేసిన చాప మీద పడుకునుందో చూసుకున్నావా?"

చూసుకున్నాను. తెర తీసి, నిద్రపోతున్న పాపను భుజాన వేసుకుని, కోటు విప్పి కొక్కేనికి తగిలించాను. బెంచీల మీదివాళ్లు మా ముగ్గురికీ దారిచ్చారు. లోపల ఏం జరిగిందో వాళ్లకు వినపడలేదు. తలుపు మూసి ఉంది.

వీధిలోకి వచ్చాక పిన్ని ఆగింది. "అందుకేనా ఆసుపత్రివాళ్లు వద్దన్నది?"

"అందుకే. అడిగితే అబద్ధం చెప్పాను."

"చదువని చెప్పావుగా మాకు." ఆవిడ గొంతు పెరగలేదు, అదే భయమేసింది. "నేను ఆ సిస్టర్ ముందు నీ గురించి ఎంత మాట్లాడాను! ఈ వీధిలో ఎంతమందిని ఇక్కడికి తోలుకొచ్చాను, మా అమ్మాయి ఉంది అక్కడ, మీకేం భయం లేదని."

"పిన్నీ..."

"మీ అత్తకి పెట్టింది? అదీ తుడిచిందేనా?"

అబద్ధం ఇంకొక్కటి చెబితే ఆవిడ మనసు కొంచెం తక్కువ నొచ్చుకునేదేమో. "లేదు. అది ఉడికించింది. పొద్దున తీసి పెట్టాను."

"ఆవిడకి తీసి పెట్టావన్నమాట," అంది పిన్ని. అత్తయ్య నేలవైపు చూసింది.

"రక్తపరీక్ష చేయించుకుందాం పిన్నీ. నేను తోడు వస్తాను."

"నువ్వు రాకు." బుగ్గ మీద చెయ్యి వేసుకుని, వెనక్కి తిరక్కుండా, వీధి దాటి వెళ్లిపోయింది.

నేనూ ఆ వెనకే రెండడుగులు వేశాను. అత్తయ్య నా భుజం పట్టుకుని ఆపింది. నోట్లోంచి దూది తీసి, గోడ పక్కన ఉమ్మేసి, పెదవి తుడుచుకుంది. ఇప్పుడు తిడుతుందని ఒళ్లు బిగబట్టుకున్నాను. తిడితే బాగుండును.

"పాపని నాకివ్వు," అంది. మత్తుకు మాట వంకరగా వచ్చింది. "నువ్వు వెనక్కెళ్లు. అక్కడ ఇంకా జనం కూర్చునున్నారు."

పాప తల నా భుజం మీదనుంచి ఆవిడ భుజం మీదికి మారింది. లేవలేదు. ఊపిరి చూడాలనిపించింది. అత్తయ్య అప్పటికే నడుస్తోంది.

అద్దాల తలుపు తోసుకుని లోపలికి వెళ్లాను. కోటు లేదు కదా, నన్నూ పేషెంటే అనుకున్నట్టుంది. బెంచీ చివర బుగ్గ పట్టుకుని కూర్చున్న ఒకావిడ, ఒళ్లో పిల్లాణ్ణి సర్దుకుని, కాస్త పక్కకు జరిగి చోటిచ్చింది.

"ఇప్పుడు ఎవరి వంతండీ?" అని అడిగింది.

"ఎవరిదీ కాదండీ. లోపలి పనిముట్లు ఉడికించలేదు," అన్నాను. గొంతు సరిగా రాలేదు. ఆవిడ వినపడలేదన్నట్టు ముందుకు వంగింది. లోపలి గది తలుపు తెరుచుకుంటున్న చప్పుడైంది. బెంచీల మీదివాళ్లందరికీ వినపడేలా మళ్లీ చెప్పాను.